ట్రైలర్ ఎర్ర పైపు: తెగినప్పుడు కాదు, తగిలించేటప్పుడే జాగ్రత్త

సంక్షిప్తంగా: ట్రైలర్‌కు వెళ్లే ఎర్ర పైపులో గాలి ఉన్నంతసేపే ట్రైలర్ కదులుతుంది. గాలి పోతే బ్రేకు దానంతట అదే పట్టేస్తుంది. దారిలో పైపు తెగినా, ట్రైలర్ ఊడిపోయినా కాపాడేది ఈ ఏర్పాటే. అయితే దీనికి రెండో వైపు కూడా ఉంది. ఎర్ర పైపు తగిలించగానే ట్రైలర్ బ్రేకు వదిలేస్తుంది. పార్కింగ్ బ్రేకు వెయ్యని ట్రైలర్ అయితే అక్కడికక్కడే దొర్లుతుంది. అందుకే తగిలించేటప్పుడు ముందు పసుపు, తర్వాత ఎరుపు. విప్పేటప్పుడు ముందు ఎరుపు, తర్వాత పసుపు.

చెన్నై హార్బరు, ఎన్నూరులోని కామరాజర్ పోర్టు, కాట్టుపల్లి రేవులకు వచ్చిపోయే కంటెయినర్ ట్రైలర్లతో మణలి, తిరువొత్తియూరు, మాధవరం రోడ్లు రాత్రింబవళ్లు నిండి ఉంటాయి. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట నుంచి తడ మీదుగా దిగే బండ్లు, శ్రీసిటీ సరుకు మోసే బండ్లు వాటిలో కలుస్తాయి. ఆ వరసల్లో తెలుగు మాట వినపడటం వింతేమీ కాదు. ఇక్కడి యార్డుల్లో ఒకే ముందు బండి పొద్దున ఒక ట్రైలర్‌ను, మధ్యాహ్నం ఇంకొక దాన్ని లాగుతుంది. వదిలిన ప్రతిసారీ గాలి పైపులు విప్పాలి, పట్టిన ప్రతిసారీ తగిలించాలి. చేతులు అలవాటు మీద చేసే పని కావడంతో, ఏ పైపు ఎందుకు ఉందన్న సంగతి వెనక్కి పోతుంది.

గందరగోళం పేరులోనే మొదలవుతుంది. ఎర్ర పైపును ఎమర్జెన్సీ లైను అంటారు. ఆ మాట వింటే, ఆపద వచ్చినప్పుడు ఆ పైపులోంచి గాలి దూసుకొచ్చి బ్రేకు పట్టిస్తుందనిపిస్తుంది. జరిగేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది.

గాలి పోవడమే బ్రేకు

రైల్లో గొలుసు లాగితే ఏమవుతుందో గుర్తు తెచ్చుకుంటే విషయం సులువవుతుంది. బోగీల కింద రైలు పొడవునా బ్రేకు పైపు ఉంటుంది. మన రైళ్లలో అందులో చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో గాలి నిలిపి ఉంచుతారు. గొలుసు లాగితే ఆ గాలి బయటికి పోతుంది, ఒత్తిడి పడిపోతుంది, బ్రేకులు పడతాయి. బోగీల మధ్య లింకు తెగి రైలు రెండు ముక్కలైనా ఇదే జరుగుతుంది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో తెచ్చిన మొదటి ఎయిర్ బ్రేకులో గాలి పంపితేనే బ్రేకు పడేది. పైపు పగిలితే మొత్తం రైలుకే బ్రేకు లేకుండా పోయేది. 1872 నాటికి ఆయన పద్ధతిని తలకిందులు చేసి, గాలి తగ్గితే బ్రేకు పడేలా మార్చాడు. నేటి ట్రైలర్ ఎర్ర పైపు ఆ ఆలోచన వారసత్వమే.

రోడ్డు మీద దీని అవసరం ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. మూడు ఇరుసుల ముందు బండి, మూడు ఇరుసుల ట్రైలర్ కలిసిన జోడీకి 2018 జులైలో అనుమతి బరువు 49 టన్నుల నుంచి 55 టన్నులకు పెరిగింది. ముందు ఇరుసు మీద 7, వెనక జంట ఇరుసుల మీద 21, ట్రైలర్ మూడు ఇరుసుల మీద 27 టన్నులు. అంటే దాదాపు సగం బరువు ట్రైలర్ చక్రాల మీదే ఉంది. ఆ చక్రాలకు బ్రేకు అందకపోతే, 28 టన్నులు మోసే చక్రాలు 55 టన్నుల్ని ఆపాల్సి వస్తుంది.

రెండు పైపులు, రెండు స్వభావాలు

ముందు బండి క్యాబిన్ వెనక నుంచి ట్రైలర్ ముందు గోడకు రెండు గాలి పైపులు వెళతాయి. ఎర్రది సరఫరా లైను. ఇంజిను నడుస్తూ ట్యాంకులు నిండి ఉన్నంతసేపు ఇందులో ఒత్తిడి ఉండి తీరాలి. ఐరోపా దేశాలు పాటించే యూఎన్ 13వ నిబంధన ప్రకారం ఇది కప్లింగ్ (పైపు తలలు కలిసే చోటు) దగ్గర సుమారు 6.5 నుంచి 8.5 బార్ మధ్య ఉంటుంది. ఒక బార్ అంటే డాష్‌బోర్డు మీటర్లలో కనపడే కిలో లెక్కలో దాదాపు ఒకటే, పీఎస్ఐ లెక్కలో 14.5. ఈ గాలి ట్రైలర్ ట్యాంకుల్ని నింపుతుంది, స్ప్రింగు బ్రేకుల్ని వెనక్కి నెట్టి పట్టుకుంటుంది.

పసుపుది ఆజ్ఞ లైను. డ్రైవరు పెడలు మీద కాలు పెట్టనంతసేపు ఇది ఖాళీ. తొక్కిన కొద్దీ ఇందులో ఒత్తిడి పెరుగుతుంది. ఈ గాలి నేరుగా బ్రేకు చాంబర్లలోకి, అంటే గాలి ఒత్తిడితో చక్రాల బ్రేకు నొక్కే డబ్బాల్లోకి పోదు. ఇంత గట్టిగా బ్రేకు వెయ్యమని ట్రైలర్ వాల్వుకు కబురు మాత్రమే మోస్తుంది, వాల్వు ట్రైలర్ సొంత ట్యాంకులోని గాలిని చాంబర్లకు పంపుతుంది. పన్నెండు మీటర్ల వెనకున్న చక్రాలకు ఆలస్యం లేకుండా బ్రేకు అందడానికి ఈ ఏర్పాటు చేశారు. అమెరికా బండ్లలో ఆజ్ఞ లైను నీలం, ఎమర్జెన్సీ లైను అక్కడా ఎరుపే. దిగుమతి పరికరాలతో పనిచేసే యార్డుల్లో నీలం పైపు కనపడితే దాన్ని పసుపుగా లెక్కపెట్టుకోవాలి.

మన దగ్గర ఈ పైపుల చివర ఎక్కువగా కనపడే తలలు అరచేతి ఆకారంలో ఉండే పామ్ కప్లింగులు. రెండు అరచేతులు కలిపి తిప్పితే బిగుసుకుంటాయి. ఐఎస్‌ఓ 1728 ప్రమాణం ప్రకారం ఎర్ర తలకూ పసుపు తలకూ అడ్డుపట్టీ వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి, ఒకదాని బదులు ఇంకొకటి బిగియదు. ప్రమాణం ప్రకారం తయారైన తలల సంగతి ఇది. పట్టీ అరిగినా, విరిగినా, రంగు వెలిసి మళ్లీ పెయింటు వేసేటప్పుడు ఒకే రంగు పూసినా ఆ రక్షణ పోయినట్టే. భారీ బండ్ల ఎయిర్ బ్రేకు తయారీలో చెన్నైది పాత పేరు, పాడిలో సుందరం-క్లేటన్ 1962లోనే మొదలైంది. అయినా రోడ్డు పక్క షెడ్లలో ఏ కొలతకూ సరిపోని నకిలీ తలలు దొరకడం ఆగలేదు.

తెగిన క్షణాన లోపల జరిగేది

ఎర్ర పైపు తెగిందనుకుందాం. ట్రైలర్ మీద ఉండే రిలే ఎమర్జెన్సీ వాల్వు ఎప్పుడూ రెండు ఒత్తిళ్లను పోల్చి చూస్తుంటుంది, ఒకటి ఎర్ర పైపుది, రెండోది ట్రైలర్ ట్యాంకుది. పైపు ఒత్తిడి చటుక్కున పడిపోగానే లోపలి పిస్టన్ జరిగి ట్యాంకు గాలిని చాంబర్లకు వదిలేస్తుంది. డ్రైవరు కాలు కదపనక్కర్లేదు. పైన చెప్పిన యూఎన్ నిబంధన ప్రకారం, ఒత్తిడి సెకనుకు ఒక బార్ చొప్పున పడిపోతుంటే, అది 2 బార్లకు దిగేలోపే ట్రైలర్ బ్రేకు మొదలవ్వాలి.

దీని వెనక రెండో కాపలా స్ప్రింగు బ్రేకు. చాంబరు వెనక సగంలో బలమైన స్ప్రింగు నొక్కి ఉంటుంది. గాలి దాన్ని అణిచి ఉంచుతుంది. గాలి పోతే స్ప్రింగు విచ్చుకుని బ్రేకు పట్టేస్తుంది. ట్యాంకు గాలి మెల్లమెల్లగా కారిపోయినా స్ప్రింగు మాత్రం వదలదు. 30 చదరపు అంగుళాల చాంబరులో 6 బార్ల గాలి దాదాపు 1,180 కిలోల తోపు ఇస్తుంది. స్ప్రింగు శక్తి కూడా ఇంచుమించు ఆ కోవలోదే. అందుకే చాంబరు క్లాంపు విప్పడం రోడ్డు పక్క చేసే పని కాదు. ముందుగా బోల్టుతో స్ప్రింగును బంధించకుండా విప్పితే మూత తుపాకి గుండులా లేస్తుంది.

మూడో కాపలా ముందు బండిది. పైపు తెగితే ముందు బండి గాలి కూడా ఆ రంధ్రంలోంచి పోకుండా రక్షక వాల్వు మూసుకుంటుంది. అమెరికా బండ్లలో క్యాబిన్‌లోని ఎర్రటి ట్రైలర్ సరఫరా మీట ఒత్తిడి 20 నుంచి 45 పీఎస్ఐ మధ్యకు, అంటే 1.4 నుంచి 3.1 బార్లకు దిగేసరికి దానంతట అదే బయటికి తన్నుకొస్తుంది. తక్కువ ఒత్తిడి హెచ్చరిక అంతకంటే ముందే, పాత లెక్కన 60 పీఎస్ఐ దగ్గరే మోగాలి. బజరు మోగినప్పుడు పక్కకు తీసి ఆపడానికి ఉన్న వ్యవధి ఈ రెండు అంకెల మధ్య తేడాయే. బజరు తీగ పీకేసిన బండిలో ఆ వ్యవధి కూడా ఉండదు.

ఇంతా చేసి ఇది హాయిగా ఆగే పద్ధతి కాదు. అరవై కిలోమీటర్ల వేగంలో ట్రైలర్ బ్రేకు పూర్తిగా పడితే, ముఖ్యంగా ఖాళీ ట్రైలర్ అయితే, చక్రాలు బిగుసుకుపోయి వెనక భాగం పక్కకు ఊగుతుంది. చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంటే ఆ ఊపు తగ్గుతుంది. కానీ దానికి ఐఎస్‌ఓ 7638 ప్లగ్గు ద్వారా వచ్చే కరెంటు కావాలి. లైట్లు వెలిగితే చాలనుకుని ఏబీఎస్ ప్లగ్గును వేలాడదీసే యార్డుల్లో, ఎమర్జెన్సీ బ్రేకు పడే సమయానికి ఏబీఎస్ సాయం పూర్తిగా అందదు.

తగిలించే వరస, ఆ వరస వెనక కారణం

మొదటి మెట్టు పైపుల దగ్గర లేదు, ట్రైలర్ పార్కింగ్ బ్రేకు దగ్గర ఉంది. ఐరోపా తరహా ట్రైలర్ల పక్కన రెండు మీటలుంటాయి. ఎర్రది పార్కింగ్, బయటికి లాగితే బ్రేకు పడుతుంది, లోపలికి నొక్కితే విడుస్తుంది. నల్లదో నీలందో అయిన రెండోది షంటు మీట. పైపులు తగిలించకుండా యార్డులో ట్రైలర్‌ను జరపడానికి, ఎమర్జెన్సీ బ్రేకును ఇది తాత్కాలికంగా విడిపిస్తుంది. ఎర్ర మీట బయటికి ఉందో లేదో కళ్లతో చూసి, లేకపోతే లాగి, ఆ తర్వాతే వెనక్కి రావాలి. స్ప్రింగు బ్రేకు లేని పాత ట్రైలర్ అయితే చేత్తో తిప్పి బిగించే బ్రేకు చూసుకుని, టైర్ల కింద అడ్డుచెక్కలు పెట్టాలి. నేల వాలుగా ఉంటే అడ్డుచెక్కలు ఏ ట్రైలర్‌కైనా తప్పవు.

వెనక్కి వచ్చేటప్పుడు ట్రైలర్ పలక ఫిఫ్త్ వీల్ (ట్రైలర్‌ను మోసే, ముందు బండి మీది పళ్లెం) కంటే ఒక పిసరు కిందుగా ఉండాలి. ముందు బండి దాని కింద దూరుతూ కొంచెం పైకెత్తాలి. పలక ఎత్తుగా ఉంటే దాని కింది కింగ్ పిన్ ఫిఫ్త్ వీల్ దవడల్లో పడకుండా వాటి మీద కూర్చుంటుంది. చూపుకు జోడీ కుదిరినట్టే ఉండి, మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గర ఊడుతుంది. 50.8 మిల్లీమీటర్ల పిన్ను, 88.9 మిల్లీమీటర్ల పిన్ను అని రెండు కొలతలున్నాయి. పెద్ద దవడలో చిన్న పిన్ను దూర్చి నెట్టుకురావడం కూడా ఇదే జాతి ప్రమాదం. దవడలు మూసుకున్నాక, ట్రైలర్ బ్రేకు పట్టి ఉండగానే మొదటి గేరులో మెల్లగా ముందుకు లాగి చూడాలి. తర్వాత ముందు బండి పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజిను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగాలి. టార్చి వేసి దవడ పిన్ను వెనక నుంచి చుట్టుకుందా, పిడి తాళం పడిందా చూడాలి. క్లీనరు చూసి చెప్పాడంటే సరిపోదు.

ఇప్పుడు పైపులు. ముందు పసుపు. తల లోపలి రబ్బరు వాషర్ ఉందా, పగిలిందా, ఇసుక పట్టిందా చూసి, గుడ్డతో తుడిచి, అరచేతులు కలిపి ఆగేదాకా తిప్పాలి. దీని తర్వాతే ఎరుపు. ఎరుపు కలిసిన క్షణాన ట్రైలర్ ఎమర్జెన్సీ బ్రేకు వదిలేస్తుంది. అప్పటికే పసుపు లైను కలిసి ఉంటే, ట్రైలర్ ఎప్పుడు విడుదలైనా ఆజ్ఞ అందుకోగల స్థితిలోనే ఉంటుంది. విప్పేటప్పుడు ఎరుపు ముందు విప్పడానికీ కారణం ఇదే. మొదట ఎమర్జెన్సీ బ్రేకు పడుతుంది, ఆ తర్వాతే ఆజ్ఞ లైను తెగుతుంది. పసుపు ముందు విప్పితే, ఎరుపు విప్పేదాకా ట్రైలర్ ఏ ఆజ్ఞా అందని స్థితిలో ఉంటుంది. అమెరికా తరహాలో సరఫరాను క్యాబిన్‌లోంచే మూసేస్తారు కాబట్టి అక్కడ ఈ వరస పట్టింపు తక్కువ. మన బండ్లలో మాత్రం అది డ్రైవరు చేతి మీదే ఆధారపడింది.

తర్వాత లైట్ల ప్లగ్గు, ఏబీఎస్ ప్లగ్గు, చివర ట్రైలర్ ముందు భాగాన్ని నిలబెట్టే లాండింగ్ లెగ్గులు పూర్తిగా పైకి. చుట్ట పైపులు ఎంత పొడవుండాలన్నది ఒక్క మాటలో తేలదు. ముందు బండి ట్రైలర్‌కు దాదాపు అడ్డం తిరిగినప్పుడు బిగుసుకోకూడదు, తిన్నగా ఉన్నప్పుడు ఛాసిస్ మీద రాసుకోకూడదు. రాసుకున్న చోట నైలాన్ పలచబడి, ఎక్కువ ఒత్తిడి ఉండే ఎర్ర పైపే ముందు పగులుతుంది.

పైపు పీకడం పార్కింగ్ కాదు

వదిలే ట్రైలర్‌కు పార్కింగ్ మీట లాగకుండా, ఎర్ర పైపు పీకేస్తే బ్రేకు ఎలాగూ పడుతుందిలే అనుకోవడం యార్డుల్లో పాత అలవాటు. బ్రేకు నిజంగానే పడుతుంది, అలవాటు వదలకపోవడానికి అదే కారణం. ఆ పట్టు ట్యాంకులో గాలి ఉన్నంతసేపే నమ్మదగ్గది. స్ప్రింగు లేని ట్రైలర్‌లో గంటలో కారవచ్చు, రాత్రంతా నిలవవచ్చు. తెల్లారేసరికి ఏ స్థితిలో ఉంటుందో చెప్పలేం.

అసలు ఉచ్చు మరుసటి జోడింపులో ఉంది. పార్కింగ్ మీట లోపలికే నొక్కి ఉన్న ట్రైలర్ దగ్గరికి రెండో డ్రైవరు వస్తాడు. స్థలం ఇరుకు కావడంతో, కింగ్ పిన్ పూర్తిగా పడకముందే రెండు బండ్ల మధ్య దూరి పైపులు తగిలిస్తాడు. ఎర్ర పైపు కలిసిన వెంటనే నిండు సరుకున్న ట్రైలర్ బ్రేకు విడుస్తుంది. నేల రెండు వేళ్ల వాలు ఉన్నా చాలు, ట్రైలర్ కదులుతుంది, మనిషి క్యాబిన్‌కూ ట్రైలర్ గోడకూ మధ్య ఉంటాడు. లేదా ముందు బండికే పార్కింగ్ బ్రేకు వెయ్యకపోతే, రెండూ కలిసి దొర్లుతాయి. దొర్లే బండి క్యాబిన్ ఎక్కి ఆపబోవడం ఇంకా ప్రమాదం. ఈ సంఘటనకు వాల్వు చెడనక్కర్లేదు, పైపు తెగనక్కర్లేదు. ప్రతి భాగమూ తన పని తాను సరిగ్గా చేస్తూ ఉండగానే ఇది జరుగుతుంది. సర్వీసు చేయించిన బండి అన్న భరోసా ఇక్కడ అక్కరకు రాదు.

తారుమారైతే

పట్టీ అరిగిన తలలతో ఎరుపు, పసుపు ఒకదాని చోట ఒకటి బిగిస్తే ఫలితం ట్రైలర్ వయసును బట్టి మారుతుంది. స్ప్రింగు బ్రేకు ఉన్న ట్రైలర్‌లో ట్యాంకులు నిండవు, స్ప్రింగు విడవదు, బండి కదలదు. విసుగొస్తుంది తప్ప ప్రాణాపాయం లేదు. స్ప్రింగు లేని పాత ట్రైలర్, అందులోనూ ట్యాంకు గాలి ముందే కారిపోయినది అయితే చక్రాలు స్వేచ్ఛగా తిరుగుతాయి. బండి హాయిగా కదిలి గేటు దాటుతుంది, కానీ ట్రైలర్‌కు ఎమర్జెన్సీ బ్రేకు లేదు, మామూలు బ్రేకూ లేదు. కదలని ట్రైలర్ కంటే తేలిగ్గా కదిలిన ట్రైలర్‌నే ఎక్కువ అనుమానించాలి.

ఇలాంటిదే ఇంకొకటి, ట్రైలర్ వైపు కాక్ (గాలి కుళాయి) మూసి మరిచిపోవడం. పైపు తగిలే ఉంటుంది, ఎర్రగానే ఉంటుంది, గాలి మాత్రం ముందుకు పోదు. మూసింది పసుపు కాక్ అయితే క్యాబిన్‌లో ఏ దీపమూ చెప్పదు.

ఏ లీకు అరుస్తుంది, ఏది అరవదు

ఎర్ర పైపు లీకు దాగదు. ఇంజిను ఆపిన మరుక్షణం బుస్సుమని వినపడుతుంది, మీటరు ముల్లు దిగుతుంది. పసుపు పైపు లీకు బ్రేకు తొక్కేదాకా మాట్లాడదు. ఖాళీ పైపులోంచి కారడానికి ఏముంది? తొక్కినప్పుడు ఆజ్ఞ గాలి రంధ్రంలోంచి పోయి ట్రైలర్‌కు సగం కబురే అందుతుంది. రంధ్రం పెద్దదైతే తొక్కి పట్టుకున్న కొద్దీ ముందు బండి గాలి తగ్గుతూ పోయి, చివరికి ఎమర్జెన్సీ బ్రేకే పడుతుంది. అందువల్ల ఒక మనిషి పెడలు తొక్కి పట్టుకుని, ఇంకొకరు పసుపు తల దగ్గర చెవి పెడితేనే పరీక్ష అనిపించుకుంటుంది.

సముద్రపు గాలి తేమ ఇక్కడ ప్రత్యేకంగా లెక్కలోకి వస్తుంది. కంప్రెసర్ ఆ తేమ గాలినే 8 బార్లకు నొక్కుతుంది. చల్లబడ్డాక నీరు ట్యాంకు అడుగున చేరుతుంది. కంప్రెసర్ నూనెతో కలిసి తెల్లటి జిగురుగా మారి వాల్వు పిస్టన్లను పట్టేస్తుంది. ఎమర్జెన్సీ వాల్వు ఏడాదిలో ఎన్నిసార్లు పనిచేస్తుంది గనక? కదలని పిస్టనే ముందు బిగుసుకుంటుంది. ట్యాంకు అడుగు కాక్ తిప్పి నీరు వదలడం, ఎయిర్ డ్రయర్ డబ్బా సమయానికి మార్చడం, విప్పిన తలలను ముందు బండి వెనకున్న ఖాళీ కొక్కేలకు తగిలించడం అలసట లేని పనులే. నేల మీద పడేసిన తల ఇసుకతో లేస్తుంది, ఆ ఇసుక మరుసటి ట్రైలర్ వాల్వులోకి పోతుంది. పగిలిన వాషర్ మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టడం, పైపు పగిలిన చోట బైండింగ్ వైరుతో బిగించడం కొన్ని కిలోమీటర్లు నడిపిస్తాయి. ఆ తర్వాత ఎక్కడ విడిపోతాయో వాటికే తెలియాలి.

గేటు దాటకముందు పరీక్ష

ఇంజిను నడిపి ఒత్తిడి పూర్తిగా ఎక్కనివ్వాలి. తొందరపడి 4, 5 బార్ల దగ్గరే కదిలిస్తే స్ప్రింగు సగమే వెనక్కి పోయి లైనర్లు డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటాయి. నాలుగు కిలోమీటర్లకు వాసన, పదికి పొగ, ఆ తర్వాత టైరు. ఒత్తిడి నిండాక ఇంజిను ఆపి మీటరు చూడాలి. అమెరికా లైసెన్సు పరీక్షలో జోడీ బండికి పెట్టిన హద్దు ఇక్కడా వాడుకోదగ్గది: బ్రేకు వదిలి ఉంటే నిమిషానికి 3 పీఎస్ఐ, తొక్కి పట్టుకుంటే 4 పీఎస్ఐ కంటే ఎక్కువ పడకూడదు. బార్లలో అది సుమారు 0.2, 0.28.

అసలు ఎమర్జెన్సీ పరీక్ష సమతల నేల మీద, రెండు బండ్ల మధ్య ఎవరూ లేకుండా చెయ్యాలి. ముందు బండి పార్కింగ్ బ్రేకు వేసి, ట్రైలర్ పార్కింగ్ మీట లోపలికి నొక్కి, ట్రైలర్ బ్రేకు విడిచిందని చూసుకోవాలి. అప్పుడు ఎర్ర తల విప్పాలి, మొహం పక్కకు పెట్టుకుని, తలను గట్టిగా పట్టుకుని. ఒత్తిడిలో ఉన్న పైపు పాములా కొడుతుంది. విప్పిన వెంటనే ట్రైలర్ కింద చాంబర్ల పుష్‌రాడ్లు (బ్రేకును నెట్టే కడ్డీలు) బయటికి తన్నుకోవాలి. ఆలస్యమైతే వాల్వు బిగిసింది. రాడ్ మరీ పొడవుగా వస్తే, ఆ కదలికను సరిచేసే స్లాక్ అడ్జస్టరును సర్దలేదన్నమాట. 30 రకం (30 చదరపు అంగుళాల) మామూలు చాంబరుకు అమెరికా హద్దు 51 మిల్లీమీటర్లు. అది దాటితే స్ప్రింగు దాదాపు చివరిదాకా విచ్చుకుని పట్టు కోల్పోతుంది. మళ్లీ తగిలించాక రాడ్లన్నీ లోపలికి పోవాలి. ఒక చక్రం దగ్గర రాడ్ వెనక్కి పోకపోతే ఆ చక్రమే దారిలో కాలేది.

దీనికి పట్టే సమయం ఐదారు నిమిషాలు. గేటు దగ్గర వెనక బండ్లు హారన్ కొడుతుంటే ఈ ఐదు నిమిషాలు దొరకవు. యార్డు లోపలే, ట్రైలర్ పట్టిన చోటే చెయ్యడం ఒక్కటే ఆచరణలో సాధ్యం. అందుకు స్థలం, వెలుతురు చూపించాల్సింది యార్డు నడిపేవారు. తప్పు మొత్తం డ్రైవరు మీదికి నెట్టే లెక్క ఇక్కడ పొసగదు. మొన్న ట్రైలర్ వదిలినవాడు పార్కింగ్ మీట లాగలేదన్న సంగతి ఇవాళ పట్టుకునేవాడికి చెప్పే కాగితం చాలాచోట్ల లేదు.

చిన్న ట్రైలర్లకు తాడు, పొలం ట్రైలర్లకు గొలుసు

కారు వెనక లాగే కారవాన్, పడవ ట్రైలర్లలో గాలి లైను ఉండదు. అక్కడ ఎర్ర పైపు పని చేసేది ఒక సన్నటి ఉక్కు తాడు. ఐరోపా పద్ధతిలో 3,500 కిలోల దాకా ఓవర్‌రన్ బ్రేకు అనుమతిస్తారు. లాగే బండి వేగం తగ్గితే ట్రైలర్ దాని మీదికి తోసుకొచ్చి ఆ తోపుతోనే బ్రేకు పడుతుంది. ట్రైలర్ ఊడితే తాడు హ్యాండ్ బ్రేకు లివరును లాగి, ఆ తర్వాత తాను తెగిపోతుంది. తెగడం దాని లోపం కాదు. తెగకపోతే బ్రేకు పడ్డ ట్రైలర్‌ను కారు ఈడ్చుకుపోతుంది. అందుకే తాడును బంతి కొక్కేనికి చుట్టకుండా, కారు మీద దానికంటూ ఉన్న రింగుకు తగిలించాలి. బంతి కొక్కెం బోల్టు ఊడితే తాడు కూడా దానితోపాటే వచ్చేస్తుంది. పొడవు మలుపులో లాగుకోనంత, నేలకు రాసుకోనంత. అమెరికాలో ఎక్కువగా కనపడే కరెంటు బ్రేకుల ట్రైలర్లలో తాడు ఒక పిన్నును పీకుతుంది, ట్రైలర్ మీది 12 వోల్టుల బ్యాటరీ బ్రేకు పట్టిస్తుంది. ఊడిన ట్రైలర్ బ్రేకు కనీసం 15 నిమిషాలు నిలవాలన్నది అక్కడి వాణిజ్య వాహనాల నిబంధన. ఆ తాడును భద్రతా గొలుసుకు కట్టడం సాధారణ పొరపాటు. గొలుసు పట్టి ఉన్నంతసేపు పిన్ను రాదు, గొలుసు ఊడితే తాడూ ఊడుతుంది.

మన పల్లె రోడ్ల మీద చెరకు, వరి, ఇటుక మోసే పొలం ట్రాక్టర్ల ట్రైలర్లలో చాలావాటికి బ్రేకులే ఉండవు కాబట్టి, ఎమర్జెన్సీ బ్రేకు మాట అక్కడ ఎత్తడానికే లేదు. వాటిని పట్టి ఉంచేది ఒక పిన్ను, దాని చివర ఒక చీలిక పిన్ను. వంగిన మేకు దూర్చి నడిపే ట్రైలర్‌కు కనీసం ఒక గొలుసు వెయ్యాలి. డ్రా బార్ (ట్రైలర్ ముందున్న లాగుడు కడ్డీ) కింద నుంచి అడ్డంగా రెండు గొలుసులు దాటిస్తే ఇంకా మంచిది. పిన్ను ఊడినా బార్ ముక్కు నేలలో గుచ్చుకోకుండా ఆ దాటు మీద పడుతుంది.